మంత్రశక్తియు దాని నియమములును

మంత్రమనఁగా నోటికి వచ్చిన శబ్దము గాదు. కథలయందైనను దానికి నియమము లున్నవి. నేఁటి విద్యార్థులు మక్కువతోఁ జూచు జపానుదేశపు బొమ్మల చిత్రములలో “ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్” అనునది యొకటి. హిరోము అరకావా యను చిత్రకారిణి 2001లో నారంభించిన బొమ్మల కథ దానికి మూలము. ఒకదానిని బొందఁగోరువాఁడు దానికి సమమగు మూల్యము నీయవలయుననుటయే యందలి విద్యకు మూలసూత్రము. ఇది మనకుఁ గ్రొత్త గాదు. మన రామచంద్రపురమున కనతిదూరముననున్న రాజమహేంద్రవరమున, 11వ శతాబ్దమున, రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు తెనిఁగించిన యాదిపర్వమున నీ నియమములు మూఁడును గానవచ్చుచున్నవి.

మొదటిది, శక్తి నార్జింపవలయును. కచుఁడు మృతసంజీవనీ విద్యకై శుక్రాచార్యుని చిరకాలము సేవించెను; రాక్షసులచేఁ జంపఁబడియు వెనుదీయఁడయ్యెను.

రెండవది, శక్తికి మూల్యము గలదు. పాముకాటున మృతిచెందిన ప్రమద్వరను బ్రదికించుటకు రురుఁడు తన యాయువున సగ మీయవలసివచ్చెను.

మూఁడవది, శక్తికి మేర గలదు. తక్షకుని విషాగ్నిచే భస్మమైన మఱ్ఱిచెట్టును కశ్యపుఁడు మంత్రబలముచే మరలఁ జిగిర్పించెను. అట్టివాఁడును బరీక్షిత్తున కాయువు తీఱెనని దివ్యదృష్టిచే నెఱిఁగి, తక్షకుఁ డిచ్చిన ధనముఁ గొని మరలిపోయెను.

ఈ కథలలో రెండు పాముకాటును గూర్చినవే. గోదావరి మండలపు వరిచేలయందుఁ బాముకాటు కథ గాదు. ప్రపంచారోగ్యసంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యమునకు గుఱియైన వ్యాధులలోఁ జేర్చినది. మంత్రము వేయించినచో విషము దిగునని నమ్మువారు నేఁటికిని గలరు. ఆ నమ్మకమునకుఁ గారణము లేకపోలేదు. నీరుకట్టె, జెఱ్ఱిపోతు మొదలగువానికిఁ బ్రాణము తీయు విషము లేదు. విషముగల పాము కఱచినను నొక్కొకప్పుడు విష మెక్కదు. అట్టివారు మంత్రము లేకున్నను బ్రదుకుదురు. కీర్తి మాత్రము మంత్రమునకు దక్కును. నిజముగా విష మెక్కినవాని కట్లు గడచిన గడియలే ప్రాణాంతకములగును.

దీనికి సిద్ధమైన మంత్రము వేఱొకటి కలదు. 19వ శతాబ్దాంతమున ఫ్రెంచి వైద్యుఁడు ఆల్బర్ట్ కాల్మెట్ త్రాచువిషమునకు విరుగుడును దయారుచేసెను. గుఱ్ఱమునకు మిక్కిలి స్వల్పముగా విషము నెక్కించి, క్రమముగా మోతాదును హెచ్చింతురు. దాని రక్తమున విషము నణఁచు పదార్థములు పుట్టును. వానిని వేఱుచేసి శుద్ధిచేసినదే విరుగుడు. మన దేశమున వాడునది త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి విషములకుఁ బనిచేయును.

ఇందును మూఁడు నియమములును గలవు. ఓర్పుతో నార్జించినది, గుఱ్ఱపు రక్తము మూల్యముగాఁ గలది, ఆలసించినచో, అప్పటికే చెడిన యవయవమును జక్కఁజేయఁజాలదు గావున మేరయుఁ గలది.

విద్యార్థులారా! కాటుపడినవానిని నడిపింపకుఁడు. గాయమును గోయకుఁడు, త్రాటితో బిగించి కట్టకుఁడు. కఱచిన యవయవమును గదలనీయక వెంటనే యాసుపత్రికిఁ జేర్పుఁడు. జపమైనను బ్రార్థనయైనను బండిలోఁ జేయవచ్చును. బండి మాత్ర మాఁగరాదు. కచుఁడు దేవయాని శాపమునఁ దాను బ్రయోగింపఁజాలని విద్యను నితరులకు నేర్పి సఫలము చేసెను. మీరును దీనిని మీ యింటను, మీ చేలలోఁ బనిచేయువారికిని నేర్పవలయునని మేము కోరుచున్నాము.