బహుళ వైకల్యాలున్న పసిబిడ్డకు తొలి పాఠాలు: ఎలా మొదలుపెట్టాలి?

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకోని ఇల్లు ఆత్రేయపురం చుట్టుపక్కల తక్కువ. బిడ్డ మెడ నిలపకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా ముందు గుర్తొచ్చేది ఆ మొక్కే. మొక్కుకోండి, తప్పులేదు. కానీ ఏడు వారాలూ పూర్తయ్యాక ఆస్పత్రి సంగతి చూద్దామనుకోకండి. మొదటి శనివారం ప్రదక్షిణాలు అయిన తర్వాత సోమవారమే బయల్దేరండి. మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదిగేది తొలి రెండు మూడేళ్లలోనే. "వాళ్ల నాన్నకీ నడక ఆలస్యమేలే" అని పెద్దవాళ్లు ధైర్యం చెప్తారు. ఆ ధైర్యంతోనే ఏడాది గడిచిపోతుంది.

అయిదో నెలకు మెడ నిలవకపోయినా, తొమ్మిదో నెలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడక రాకపోయినా చూపించాల్సిందే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, పుట్టగానే ఏడవని పిల్లలకు అంతదాకా కూడా ఆగక్కర్లేదు. ఉలిక్కిపడినట్టు వరసగా కుదుపులు వస్తుంటే మాత్రం అదే రోజు పిల్లల డాక్టరు దగ్గర ఉండాలి, అవి ఫిట్స్ కావచ్చు.

మొదటి మెట్టు మీ ఊరి ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపడం దాని పని. అందరూ దాన్ని డీఈఐసీ అంటారు. పిల్లల డాక్టరు, ఫిజియో, మాటల శిక్షణ ఒకే కప్పు కింద ఉండాలన్నది దాని ఉద్దేశం.

అక్కడ ముందు కళ్లూ చెవులూ చూడమని అడగండి. చాలామంది నేరుగా ఫిజియోకి వెళ్లిపోతారు. బొమ్మ కనిపించని బిడ్డ దాని కోసం తల ఎత్తదు. వినపడని బిడ్డ పిలిస్తే పలకదు. మనం దాన్ని మందబుద్ధి అనేస్తాం. ఒకటికి మించి వైకల్యాలున్నప్పుడు ఒకదాని వెనక ఇంకొకటి దాక్కుంటుంది. కళ్లజోడో, వినికిడి యంత్రమో పెట్టాక అదే వ్యాయామానికి బిడ్డ వేరుగా స్పందించడం చూస్తారు.

థెరపీ వారానికి ఒక గంటే కావచ్చు. మిగతా వేళంతా మీ చేతుల్లోనే. అందుకని అన్నం పెట్టడం దగ్గర మొదలుపెట్టండి. పడుకోబెట్టి, తల వెనక్కి వంచి పోసే అలవాటు మానాలి. పాలో జావో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చేది అలాగే. రెండు గోడలు కలిసే మూలలో చాప వేసి, అటూ ఇటూ చుట్టిన దుప్పట్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి. గడ్డం కాస్త ముందుకు ఉండాలి. మీరు ఎదురుగా, బిడ్డ కంటి ఎత్తులో కూర్చోండి. మెత్తగా, కాస్త చిక్కగా కలిపిన అన్నం చిన్న చెంచాతో పెట్టి, మింగాకే రెండో ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. నోట్లో కరిగిపోతుంది కదా అని పూతరేకు పెట్టేరు! అందులోని పంచదార పొడికి ఈ పిల్లలు పొలమారిపోతారు.

అదే చోట చదువూ మొదలవుతుంది. అన్నానికి ముందు ప్రతిసారీ ఆ చెంచానే చేతికి తాకించి "బువ్వ" అనండి. స్నానానికి ముందు తువ్వాలు. చెప్పాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. కనురెప్ప కదిలినా, నోరు తెరిచినా అది జవాబే. ఆ ఆగడమే ఇంట్లోవాళ్లకు అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా నాయనమ్మలకు.

కాగితాల పని పక్కనే నడిపించండి. సచివాలయంలోనో మీసేవలోనో సదరం పరీక్షకు స్లాటు తీసుకుంటే వైకల్య ధ్రువపత్రం వస్తుంది, దాంతో పింఛనుకూ దారి దొరుకుతుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో లక్ష రూపాయల దాకా వైద్యఖర్చులు వస్తాయి, థెరపీ కూడా అందులో ఉంది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో పేరు రాయించండి, వద్దనే హక్కు వాళ్లకు లేదు. బడి వయసుకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ఇక్కడి వాళ్లకు అంతుపట్టకపోతే సికింద్రాబాద్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ నీపిడ్‌కో, బహుళ వైకల్యాల కోసమే చెన్నై దగ్గర ముట్టుకాడులో పెట్టిన జాతీయ సంస్థకో రాయించుకు వెళ్లవచ్చు.

థెరపీకి వెళ్లేటప్పుడు బిడ్డ ఇంట్లో తింటుండగా తీసిన వీడియో ఫోన్‌లో పెట్టుకోండి. కొత్తచోట ఏడుపే తప్ప ఏమీ చూపించని పిల్లలే ఎక్కువ. వచ్చేటప్పుడు పది వ్యాయామాల చీటీ అడగొద్దు. ఆ వారం చేయాల్సిన ఒక్కటి అడిగి, ఫిజియో ముందే మీ చేతులతో చేసి చూపించి, సరిగ్గా ఉందన్నాకే బస్సెక్కండి.