బంకు మానేశావు సరే, గాలి మాటేమిటే చెల్లీ?

ఏమే చెల్లీ, కరెంటు బండి కొన్నాక పెట్రోలు ఖర్చు తప్పిందని నెలనెలా లెక్కలు చెప్పి మురిసిపోతున్నావు కదా, ఒక్క మాట అడుగుతాను. ఆ టైర్లకు చివరిసారి గాలి ఎప్పుడు కొట్టించావు? చూశావా, ఆలోచనలో పడ్డావు. నీ ఒక్కదానిదే కాదులే ఈ సంగతి. మా సెల్లార్లో చార్జింగుకు పెట్టిన బళ్ల వరస చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది.

పెట్రోలు బండి ఉన్నన్నాళ్లూ మనకు తెలియకుండానే ఓ అలవాటు సాగిపోయేది. వారానికో పదిరోజులకో బంకుకు వెళ్లేవాళ్లం, పనిలో పనిగా గాలి మిషను దగ్గర ఆగేవాళ్లం. మనం మరిచిపోయినా అక్కడి కుర్రాడు "అక్కా, వెనకాల గాలి తక్కువుంది" అని కేకేసేవాడు. ఇంజనాయిలు మార్పిద్దామని వెళ్తే మెకానిక్ అడక్కుండానే టైరు నొక్కి చూసేవాడు. ఇప్పుడేముంది, రాత్రి వైరు పెడతాం, పొద్దున పీకేసి బయల్దేరతాం. ఆయిలు లేదు, కార్బొరేటర్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు. మన బండిని చూసే ఇంకో మనిషే లేకుండా పోయాడు. ఈ బళ్లలో అరిగేవి ముఖ్యంగా టైర్లూ బ్రేకులే, మనం మరిచిపోయేవీ అవే! ఎండాకాలం ఎలాగో నెట్టుకొస్తాం. మృగశిర కార్తె రాగానే చేపల కూర గుర్తొస్తుంది గానీ టైరు గుర్తు రాదు.

పైగా కరెంటు బండి వెనక టైరును కాస్త గట్టిగానే అరగదీస్తుంది. రేస్ ఇచ్చీ ఇవ్వగానే మోటారు బలమంతా ఆ చక్రం మీదే పడుతుంది, పెట్రోలు స్కూటరులా నెమ్మదిగా అందుకోవడం దీనికి తెలియదు. బ్యాటరీ బరువు సరేసరి. రేస్ వదిలినప్పుడు ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఉంటుంది చూడు, రీజెన్ అంటారే, ఆ లాగుడూ వెనక చక్రానిదే. అందుకే ముందు టైరు కొత్తదానిలా మెరుస్తున్నా వెనకది గుండైపోతుంది. తడి రోడ్డు మీద అలాంటి టైరుతో సిగ్నల్ దగ్గర రేస్ ఒక్కసారిగా తిప్పావనుకో, మలుపులో ఠక్కున వదిలేశావనుకో, బండి వెనక భాగం పక్కకు జారుతుంది. వాన పడుతుంటే ఎకో మోడ్‌లో పెట్టుకో, రీజెన్ తగ్గించుకునే వీలుంటే తగ్గించుకో. ఏథర్ వాళ్లు 2025లో తెచ్చిన 450ఎక్స్‌లో ట్రాక్షన్ కంట్రోల్ ఇచ్చి అందులో వానకోసమే ఒక మోడ్ పెట్టారు. మంచిదే. కానీ టైరు మీద గాడులే మిగలకపోతే ఏ కంప్యూటరు మాత్రం పట్టు ఎక్కడినుంచి తెస్తుంది?

ఆ గాడులు అందానికి కాదే. వాకిలి కడిగిన నీళ్లు తూములోంచి పోయినట్టు, టైరు కింద పడిన నీళ్లు వాటిలోంచి పక్కకు పోవాలి. పోకపోతే రబ్బరుకూ రోడ్డుకూ మధ్య నీళ్లే ఉంటాయి, బండి వాటి మీద తేలుతుంది. రేపు పొద్దున సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం మెల్లగా చేత్తో తిప్పు. మర్చిపోకుండా బండి ఆఫ్ చెయ్యి. టైరు పక్క గోడ మీద ‘టీడబ్ల్యూఐ’ అనే అక్షరాలో చిన్న త్రికోణమో కనిపిస్తుంది. దానికి సూటిగా పైన, గాడి అడుగున, చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. టైరు అరిగి అరిగి ఆ దిమ్మతో సమానమైందంటే దాని పని అయిపోయింది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం టూవీలర్ టైరు గాడికి కనీసం 0.8 మిల్లీమీటర్ల లోతుండాలి. చట్టానికి అది చాలునేమో, వెనక పాపను కూర్చోబెట్టుకుని స్కూలుకు పోయేదానివి, నీకు చాలదు. దిమ్మ దగ్గర పడుతోందనిపిస్తే వానలకు ముందే మార్పించెయ్.

మార్పించేటప్పుడు పాత టైరు మీద రాసున్నది ఫొటో తీసుకుని వెళ్లు. ‘90/90-12 54జె’ లాంటిది ఉంటుంది. 90 మిల్లీమీటర్ల వెడల్పు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 12 అంగుళాలు. 54 అంటే ఆ టైరు 212 కిలోలు మోయగలదని, జె అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా అని. చవగ్గా వస్తోందని ఈ అంకెలు తక్కువున్నది వేయించకు. తయారీ తేదీ కూడా చూడు, నాలుగంకెల్లో ఉంటుంది. 2423 అంటే 2023లో 24వ వారం. షాపులో ఏళ్లతరబడి పడున్న టైరుకు గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. అన్నట్టు కొత్త టైరు మొదట్లో నున్నగా జారుతుంది. వేయించిన రోజే వానొస్తే నెమ్మదిగా ఇంటికి చేరుకో.

ఇక గాలి. "వానాకాలం గాలి కాస్త తగ్గిస్తే గ్రిప్ బాగుంటుంది" అని మరిదిగారు అన్నారని చెప్పావు. ఆయన ఒక్కరే కాదు, సగం ఊరు ఇదే మాట అంటుంది. తప్పని చెప్పు, నా పేరు చెప్పి మరీ చెప్పు. గాలి తగ్గితే టైరు మధ్యలో లోపలికి కుంగి గాడులు మూసుకుపోతాయి, నీళ్లు పోయే దారే ఉండదు. నీళ్ల కింద గుంత కనపడక దబ్బున దిగితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. అలాగని ఎక్కువ కొట్టిస్తే రోడ్డును తాకే రబ్బరే తగ్గిపోతుంది. ముందు ఎంత, వెనక ఎంత, ఇద్దరెక్కితే ఎంత అనేది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ అంకెలే వేదం. బండి తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. "ఈమధ్య చార్జి తొందరగా అయిపోతోందక్కా, బ్యాటరీ పాడైందేమో" అని బెంగపడ్డావు కదా, ముందు గాలి చూపించు. మెత్తబడ్డ టైరును దొర్లించడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది.

వానలో పంచర్లూ ఎక్కువే. రోడ్డు మీద మేకులూ గాజుముక్కలూ నీళ్లతో పాటు కొట్టుకొస్తాయి, తడిసిన రబ్బరులోకి సులువుగా దిగుతాయి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, రోజూ కాస్త కాస్త తగ్గుతుంది. సబ్బునీళ్లు పోస్తే బుడగలొచ్చి చోటు చూపిస్తాయి. వాల్వు మీద మూత ఉందా? బురద లోపలికి పోకుండా ఆ చిన్న మూతే కాపలా. చక్రం విప్పకుండానే ట్యూబ్‌లెస్ పంచరు వేయొచ్చు కాబట్టి సందు చివర షాపతను చాలు. టైరు మార్చడం మాత్రం వేరే కథ. ఐక్యూబ్ లాంటి బళ్లకు మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది, వైర్లు ఉంటాయి. తెలిసినవాడి చేతే విప్పించు.

వాటర్ సర్వీసింగుకు ఇచ్చినప్పుడు టైర్లు నల్లగా మెరవాలని పాలిష్ కొడతారు, కొన్నిచోట్ల డీజిలు కూడా రాస్తారు. పక్కలకు సరే, రోడ్డును తాకే చోట పడితే? దగ్గరుండి వద్దని చెప్పు. డీజిలైతే పక్కలకూ వద్దు, రబ్బరును పాడుచేస్తుంది.

టైరు ఎంత బాగున్నా కొన్ని చోట్ల దాన్ని నమ్మకు. కుండపోత కంటే మొదటి పది నిమిషాల జల్లే ప్రమాదం. రోడ్డు మీది ఆయిలు మరకలూ దుమ్మూ కలిసి జిగురవుతాయి, పెద్ద వాన కాస్సేపు కురిస్తే అవి కడుక్కుపోతాయి. జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, పనులు జరిగేచోట పరిచిన ఇనప రేకుల మీద బ్రేకు పట్టకు, బండి వంచకు. మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద లాగా నీళ్లు నిలిచే చోటికి రాగానే వెనక్కి తిప్పెయ్. కరెంటు బండి నీళ్లలో ఎంతవరకు పోతుందన్న ప్రశ్న తర్వాత, నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత తెరిచుందో లేదో ఎవరికి తెలుసు?

ఈ నెల మిగిలిన పెట్రోలు డబ్బుల్లోంచి మీటరున్న చేతి పంపు ఒకటి కొను, చార్జర్ పక్కనే మేకుకు తగిలించు. ఆదివారం పొద్దున వైరు పీకగానే రెండు టైర్లూ చూడు. లేదంటావా, బంకుకే వెళ్లు. పెట్రోలు పోయించుకోకుండా గాలికి మాత్రం ఎలా అడుగుతాను అని మొహమాటపడకు, బంకుల్లో గాలి ఊరికే పట్టాలి.