ఆపదలో ఆదుకొను చేయి

సంతలో బేరములు ముమ్మరముగా సాగుచున్నవి. ఒక వృద్ధుడు కూరల గంప దింపబోయి ఉన్నపాటున నేలకు ఒరిగెను. క్షణములో జనము చుట్టును మూగెను. ఒకడు ముఖముపై నీళ్లు చల్లెను. మరొకడు నీళ్లు త్రాగింపుమనెను. వేరొకడు ఇనుప తాళపుచెవులు చేతిలో పెట్టుమని కేక వేసెను. ‘అయ్యో పాపము!’ అననివారు లేరు. వృద్ధునికి శ్వాస ఆడుచున్నదా అని చూచినవారును లేరు.

ఆ జనులు కఠినహృదయులు కారు. పదిమంది చేరినచోట ‘మరియొకరు చూచుకొందురులే’ అని ప్రతివాడును తలచును. అందరి పనియు ఎవరి పనియు కాక పోవును. కావున ఆపత్సమయమున ఎవరో ఒకరు ముందడుగు వేయుటయే మొదటి ధర్మము.

ఇంతలో ఒక హమాలీ జనమును తప్పించుకొని వచ్చి వృద్ధుని ప్రక్క మోకరిల్లెను. భుజములు తట్టి ‘తాతా! తాతా!’ అని బిగ్గరగా పిలిచెను. పలుకు లేదు. రొమ్ము కదలుట లేదు. అతడు ఒకనివైపు వ్రేలు చూపి, “నీలి చొక్కా తొడిగిన అన్నా! మీరు 108కు ఫోను చేయుడు” అనెను. ‘ఎవరైనను చేయుడు’ అన్నచో ఎవరును చేయకపోవచ్చును. ఆ 108 సేవ 2005వ సంవత్సరము ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై, పిదప అనేక రాష్ట్రములకు వ్యాపించినది.

శ్వాస లేనిచో గుండె ఆగినదని ఎంచవలెను. గుండె ఆగిన నాలుగైదు నిమిషములకే ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతినసాగును. అంతలో అంబులెన్సు చేరుట అరుదు. కావున ఆ నిమిషములు ప్రక్కనున్నవాని చేతిలోనివి. హమాలీ వృద్ధుని రొమ్ము నడుమ ఒక అరచేతిని, దానిపై రెండవ చేతిని ఉంచి, మోచేతులు వంపక, నిమిషమునకు 100 నుండి 120 మారుల చొప్పున, రెండంగుళముల లోతునకు అదుమసాగెను. అదిమిన ప్రతిసారియు రొమ్మును మరల పూర్తిగా పైకి లేవనిచ్చెను. అలసినంతనే మరొక యువకుడు అందుకొనెను.

ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన కౌవెన్‌హోవెన్, జ్యూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు ప్రకటించిరి. వారిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు. రొమ్ము కోయకయే ఉత్త చేతులతో రక్తమును నడిపింపవచ్చునని వారు చూపిరి.

శ్వాస ఉండి తెలివి లేనివానిని, గాయములు లేనిచో, ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోట నీరు పోయరాదు. అది శ్వాసనాళమున పడి ప్రాణాపాయము కలిగించును. మూర్ఛతో కొట్టుకొనువానిని అదిమిపట్టరాదు. నోటిలో ఏదియు దూర్చరాదు. తాళపుచెవులవలన మూర్ఛ తగ్గదు.

రోడ్డు ప్రమాదములలో ‘చేయి వేసినచో పోలీసులు, కోర్టులు’ అను భయము పలువురిని వెనుకకు లాగును. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయపడువారిని వేధింపరాదను మార్గదర్శక సూత్రములను ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, సదుద్దేశముతో సాయపడినవారికి రక్షణ కల్పించిరి. ఆ భయమునకు నేడు తావు లేదు.

అంబులెన్సు వచ్చుసరికి వృద్ధుని రొమ్ము తనంతట కదలసాగెను. ఇట్లు ఆదుకొన్న వారందరును బ్రతుకుదురని చెప్పుటకు వీలు లేదు. కాని అందరును చేతులు కట్టుకొని నిలిచినచో బ్రతుకుపై ఆశయే ఉండదు. హమాలీ తన గోనెసంచి భుజమున వేసికొని మరల పనికి పోయెను. అతడు వైద్యవిద్య చదివినవాడు కాడు. తెలిసిన కొద్దిపాటి పనిని తగిన వేళకు చేసినవాడు.