డెస్క్‌టాప్ పీసీ హోరు పెడుతోందా? కొత్త కూలర్ కొనే ముందు ఫ్యాన్ కర్వ్ చూడండి

పీసీ సౌండ్ ఎక్కువైందంటే చాలామంది వెంటనే కొత్త కూలర్ కోసం వెతుకుతారు. నా మాట వినండి, ముందు ఉన్న ఫ్యాన్లనే నెమ్మదిగా తిప్పి చూడండి. పైసా ఖర్చు లేదు.

దీని వెనక చిన్న లెక్క ఉంది. ఫ్యాన్ స్పీడ్ సగం చేస్తే గాలి కూడా దాదాపు సగమే వస్తుంది. కానీ సౌండ్ సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది, కాబట్టి ఇది పెద్ద తేడానే. అదే, ఒకే రకం ఫ్యాన్లు రెండు ఉంటే ఒకటి పీకేసినా తగ్గేది 3 డెసిబెల్సే. అందుకే ఒక ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌లో తిప్పడం కన్నా మూడు ఫ్యాన్లు నిదానంగా తిరగడం మేలు.

ముందు సౌండ్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. చార్ట్ పేపర్‌ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర క్యాబినెట్ చుట్టూ తిప్పండి. వినడానికి కామెడీగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. ఫ్యాన్‌కి మాత్రం తగలనివ్వకండి.

ఇప్పుడు బయోస్‌లోకి వెళ్లండి. ఫ్యాన్ వైరుకి 4 పిన్నులు ఉంటే పీడబ్ల్యూఎం మోడ్, 3 ఉంటే డీసీ మోడ్ పెట్టాలి. 3 పిన్నుల ఫ్యాన్‌ని పీడబ్ల్యూఎంలో వదిలేస్తే అది ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. చాలా పీసీల్లో అసలు రోగం ఇదే.

తర్వాత కర్వ్. సీపీయూ 60 డిగ్రీల వరకు 35 శాతం, 75కి 60 శాతం, 85కి 90 శాతం, ఇలా మొదలుపెట్టండి. క్రోమ్ ఓపెన్ చేసిన ప్రతిసారీ సీపీయూ ఒక్క సెకను వేడెక్కుతుంది, ఫ్యాన్ బుస్సుమని లేస్తుంది, మళ్లీ తగ్గుతుంది. ఒకే స్థాయిలో వచ్చే హోరు కన్నా ఈ ఎగుడుదిగుడే ఎక్కువ చిరాకు. స్టెప్ అప్ టైమ్ అనే ఆప్షన్ ఉంటే కొన్ని సెకన్లు పెంచండి, ఆ గోల ఆగిపోతుంది. లిక్విడ్ కూలర్ పంప్‌కి మాత్రం ఈ కర్వ్ వాడొద్దు.

మన దగ్గర ఇంకో సమస్య ఎండాకాలం. జనవరిలో గది 26 డిగ్రీలు, రోహిణి కార్తెలో 38 అనుకుందాం. అదే పనికి సీపీయూ కూడా దాదాపు 12 డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది. చలికాలంలో సెట్ చేసిన కర్వ్ మేలో అరుస్తుంది మరి. నేను రెండు ప్రొఫైల్స్ పెట్టుకున్నాను. ఎండాకాలం దాంట్లో 60 బదులు 70 దాకా ఫ్యాన్ కదలదు. 70 చూసి భయపడక్కర్లేదు, రైజెన్ 7000 ఎక్స్ చిప్స్‌కి ఏఎండీ ఇచ్చిన లిమిటే 95.

నేను రాత్రి క్లయింట్ కాల్స్ మాట్లాడుతూ కోడ్ బిల్డ్ చేసే గదిలోనే తమ్ముడు పడుకుంటాడు. అక్కడ కర్వ్ ఒక్కటే సరిపోదు, వేడినే తగ్గించాలి. రైజెన్‌లో ఎకో మోడ్ ఆన్ చేస్తే 105 వాట్ల చిప్ 65 వాట్ల చిప్‌లా నడుస్తుంది. బిల్డ్ కాస్త లేటవుతుంది, వాడి నిద్ర చెడదు. గేమ్స్‌లో అయితే ఎఫ్‌పీఎస్ లిమిట్ పెట్టండి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 200 ఎఫ్‌పీఎస్ వస్తే మిగిలేది ఎక్కువగా వేడే. గ్రాఫిక్స్ కార్డ్ నుంచి వచ్చే సన్నటి కీచు కూడా దీంతో చాలాసార్లు తగ్గుతుంది, అది ఫ్యాన్ సౌండ్ కాదు.

పాత హార్డ్ డిస్క్ ఉంటే 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 తిప్పులు, ఆ వణుకు క్యాబినెట్ రేకుకి ఎక్కి గుయ్యిమంటుంది. స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేయండి.

దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, బ్లోయర్ గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పవర్ సప్లై ఫ్యాన్ శబ్దం చేస్తుంటే మాత్రం దాన్ని విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ ఉండొచ్చు. వారంటీ ఉంటే మార్పించుకోండి, లేకపోతే కొత్తది తీసుకోండి.