తేనెపిట్ట

నేరేడుచర్ల పరిసరాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండే ప్రాంతం. ఇటువంటి పల్లెల పెరళ్లలో మందారాలు పూచినప్పుడు చిన్న పిట్ట ఒకటి వచ్చి, వంపు తిరిగిన ముక్కుతో తేనెను గ్రోలుతుంది. కొందరు దీనిని హమ్మింగ్ బర్డ్ అని పొరబడతారు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాలలోనే నివసిస్తాయి. మన పెరటి పక్షి తేనెపిట్ట. ఈ రెండింటికీ దగ్గరి బంధుత్వం లేదు. ఆహారం ఒకటే కావడం వలన ముక్కు, నాలుక ఒకే తీరున రూపొందాయి. హమ్మింగ్ బర్డ్ గాలిలో నిలిచి తేనె త్రాగుతుంది. వెనుకకు కూడా ఎగరగలదు. తేనెపిట్ట సాధారణంగా కొమ్మపై వాలి త్రాగుతుంది.

మన ప్రాంతంలో కనిపించే ఊదారంగు తేనెపిట్ట పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. గూడు కట్టే కాలంలో మగపిట్ట దూరానికి నల్లగా తోచినా, ఎండ పడగానే నీలం, ఊదా రంగులతో తళుకుమంటుంది. ఆ కాలం గడచిన పిమ్మట దాని పొట్ట పసుపుపచ్చగా మారి, గొంతు నుండి పొట్ట వరకు నల్లని చార మాత్రం మిగులుతుంది. ఆడపిట్టకు ఆ చార ఉండదు. వీపు గోధుమరంగు, పొట్ట లేత పసుపు. ఈ భేదాలు తెలియనివారు ఒకే జాతిని మూడు జాతులుగా భావించే అవకాశం ఉంది.

గూడు కట్టేది ఆడపిట్ట. సాలెగూటి దారాలతో గడ్డిపరకలు, ఎండుటాకులు, బెరడు ముక్కలు కూర్చి, కొమ్మకు సంచి వలె వ్రేలాడదీస్తుంది. ప్రక్కన ద్వారం, దానిపై చిన్న చూరు ఉంటాయి. చూచేవారికి అది గాలికి చిక్కుకొన్న చెత్తగా తోస్తుంది. శత్రువుల కన్నుగప్పే ఆ రూపమే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమవుతుంది. పెరడు శుభ్రపరిచేవారు తెలియక కొమ్మతో సహా నరికివేస్తే, లోపలి గ్రుడ్లు, పిల్లలు నశిస్తాయి.

తేనెపిట్ట పూలకు పుప్పొడిని చేరవేస్తుంది. పిల్లలకు పురుగులను, సాలీళ్లను ఆహారంగా పెడుతుంది. ఇంత మేలు చేసే పక్షిని కాపాడడానికి ధనం అక్కరలేదు. కొమ్మను నరికే ముందు ఒక్కసారి పరిశీలించి చూచే కన్ను చాలు.

అర్థాలు
గ్రోలు = త్రాగు
చూరు = ఇంటికప్పు అంచు
భేదం = తేడా

ప్రశ్నలు
1. తేనెపిట్టకు, హమ్మింగ్ బర్డ్‌కు గల తేడాలు తెల్పండి.
2. తేనెపిట్ట గూటికి దాని రూపమే ఎట్లా ముప్పు తెస్తుంది?