స్క్రీన్ ఆగినా మాట ఆగకూడదు



మీ పాప రామప్ప గుడి మీద ప్రాజెక్టు చేసింది. పదిహేను స్లయిడ్లు, ఒక వీడియో. ఇంట్లో అన్నీ బాగానే వచ్చాయి. తీరా స్టేజీ ఎక్కాక ప్రొజెక్టర్ మీద నీలిరంగు తప్ప ఏమీ లేదు. అప్పుడు పాప ముందుగా చూసేది మీ వైపే. మీ ముఖంలో కంగారు కనిపిస్తే వచ్చిన మాటలూ మరిచిపోతుంది.

ఇలాంటివి పెద్దవాళ్లకూ తప్పవు. మన హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల, 2015 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో డ్రీమ్‌ఫోర్స్ సదస్సులో కోర్టానా వాయిస్ అసిస్టెంట్‌ను చూపించారు. చేజారేలా ఉన్న వ్యాపార అవకాశాలు చూపించమని అడిగితే, అది పాలు కొనడం గురించి వెతికింది! మళ్లీ అడిగినా సరిగా వినలేదు. ఆయన దాన్ని వదిలేసి ప్రసంగం కొనసాగించారు. పిల్లలకు నేర్పాల్సింది ఇదే.

ముందు రోజు ఇంట్లో:

• పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా సేవ్ చేయించండి. వేరే కంప్యూటర్‌లో ఆ తెలుగు ఫాంట్ లేకపోతే పీపీటీలో అక్షరాలు చెదిరిపోవచ్చు.

• ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్‌లో ఉంచండి. వీడియో కోసం ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా ఫైలునే వెంట పంపండి.

• ఐదు ముఖ్యమైన పాయింట్లు చిన్న అట్టముక్క మీద తన చేత్తోనే రాయించండి.

స్టేజీ మీద:

• ప్రొజెక్టర్‌లో ఏమీ రాకపోతే విండోస్ కీ, పి కలిపి నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోవాలి.

• స్లయిడ్ షో మధ్యలో మూసుకుపోతే షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కాలి. ఆగిన స్లయిడ్ నుంచే మొదలవుతుంది. ఎఫ్5 ఒక్కటే నొక్కితే మళ్లీ మొదటికి వెళ్తుంది.

• ఒక నిమిషంలో కుదరకపోతే ఆ పని టీచర్‌కు వదిలేసి, "ఈలోగా నేను చెబుతాను" అని మొదలుపెట్టాలి.

అలా చెప్పాలంటే విషయం తెలిసి ఉండాలి. 1213 నాటి శాసనం, కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు, శిఖరంలో వాడిన నీటిపై తేలే ఇటుకలు, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు: వీటిలో దేనికీ ప్రొజెక్టర్ అక్కర్లేదు. గ్లాసెడు నీళ్లలో ఒక థర్మోకోల్ ముక్క, ఒక రాయి వేసి చూపించినా బరువు తేడా అందరికీ అర్థమవుతుంది. కానీ స్లయిడ్లు మీరే చేసిపెడితే, తెర ఆరిపోగానే పాప దగ్గర ఏమీ మిగలదు.

ఈ ఆదివారం ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఇంట్లో చెబుతుండగా మధ్యలో కీబోర్డు మీద 'బి' నొక్కండి. స్లయిడ్ షో నల్లగా మారుతుంది. అలాగే రెండు నిమిషాలు చెప్పమనండి. ఎక్కడ తడబడిందో అక్కడే ఇంకా చదవాలి. తిట్టకండి, గుర్తుపెట్టుకోండి చాలు.

ఆ రోజు హాల్లో నిజంగానే తెర ఆగిపోతే, వీడియో తీస్తున్న ఫోన్ కాసేపు దించండి. పాప మీ వైపు చూసినప్పుడు నవ్వుతూ తల ఊపండి.