నల్లమల అంచున డ్రూయిడ్: తొలిసారి ఆడేవారికి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్తగా వచ్చినవాళ్లకు ‘డ్రూయిడ్ జోలికి పోవద్దు’ అనే సలహా తరచూ ఎదురవుతుంది. మంత్రాల జాబితా పెద్దది, జంతువుగా మారే నియమాలు వేరే, రెండూ ఒకేసారి బుర్రకెక్కవు, అందుకని కత్తి పట్టే ఫైటర్‌తో మొదలుపెట్టమంటారు. మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు పిల్లలకు నేను ఆ సలహా ఇవ్వను. ఈ ఆట 2014 నాటి నియమాల్లో ఒకటి ఇది: డ్రూయిడ్ తాను ఎప్పుడో ఒకప్పుడు చూసిన జంతువుగా మాత్రమే మారగలడు. నల్లమల అంచున పుట్టి పెరిగిన పాత్ర ఏమేం చూసి ఉంటుందో ఒక్కసారి లెక్కేసుకోండి. డ్రూయిడ్‌కు కావాల్సిన సరుకులో సగం మీ దగ్గర ముందే ఉంది.

ఆట అసలే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, అది ఏం చేస్తుందో నోటితో చెబుతారు. గెలుపో ఓటమో తేలని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను అచ్చువేశారు. డ్రూయిడ్ 1975లో ముందు శత్రువుగా వచ్చి, 1976లో ఆటగాళ్లు ఎంచుకోగల పాత్ర అయ్యాడు. పేరు పాతకాలపు కెల్టు జాతుల పూజారులది. ఆటలో మాత్రం అతను అడవి నుంచి శక్తి తెచ్చుకునే మంత్రగాడు. ఆ అడవి ఏదన్నది మీ ఇష్టం.

మొదటి పని: ఏ పుస్తకమో అడగండి

ఆడే ముందు డీఎంను అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘అన్నా, 2014 రూల్సా, 2024 రూల్సా?’ డ్రూయిడ్ విషయంలో ఈ రెండింటికీ బాగా తేడా ఉంది. ఈ వ్యాసం 2014 నాటి అయిదో ఎడిషన్‌ను పట్టుకుని రాశాను. దాని మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ ఉచితం. డ్రూయిడ్ పాత్ర, మంత్రాలు, జంతువుల అంకెలు అన్నీ అందులో దొరుకుతాయి. పుస్తకం కొనే స్తోమత లేదని ఆగిపోనక్కర్లేదు.

రెండో పని: అంకెలు రాసుకోండి

పాత్రకు ఆరు గుణాలుంటాయి. వాటికి పంచుకోవడానికి ఆరు అంకెలిస్తారు: 15, 14, 13, 12, 10, 8. డ్రూయిడ్ మంత్రాలన్నీ విజ్‌డమ్ మీద, అంటే వివేకం మీద నడుస్తాయి కాబట్టి 15 దానికే. తర్వాత 14 కాన్‌స్టిట్యూషన్‌కు, అంటే ఒంటి గట్టిదనానికి. 13 డెక్స్‌టెరిటీకి, అంటే చురుకుకు. మిగతావి ఎలా వేసినా పెద్దగా నష్టం లేదు. మనిషి జాతి తీసుకుంటే అన్నింటికీ ఒకటి కలుస్తుంది, విజ్‌డమ్ 16 అవుతుంది. దాని వల్ల పాచికకు మూడు బోనస్. హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ ఓర్చుకోగలడో చెప్పే అంకె, 10. తోలు కవచం, చెక్క డాలు పట్టుకుంటే రక్షణ 15. మీ మంత్రాన్ని ఎదుటివాడు తప్పించుకోవాలంటే పాచికతో కనీసం 13 తెచ్చుకోవాలి. మొదటి లెవెల్‌కు, అంటే పాత్ర తొలి మెట్టుకు, ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

2014 నియమాల్లో డ్రూయిడ్ లోహపు కవచం, లోహపు డాలు తొడగడు. ఆయుధాల జాబితా చూస్తే మన ఊరి కొట్టంలో ఉన్నవే కనిపిస్తాయి: కొడవలి, చేతికర్ర, బల్లెం, వడిసెల. జొన్న చేలో పిట్టల్ని తోలిన వడిసెల 30 అడుగుల దాకా సూటిగా, 120 అడుగుల దాకా కష్టంగా తగులుతుంది. నైపుణ్యాల్లో పర్సెప్షన్, సర్వైవల్ తీసుకోండి. ‘నేచర్’ పేరు చూసి చాలామంది దాన్ని ఎంచుకుంటారు. అది చదువుకు సంబంధించిన గుణం మీద నడుస్తుంది, విజ్‌డమ్ మీద కాదు. అడుగుజాడ పట్టడం, అలికిడి వినడం అనేవి పై రెండింటిలోనే ఉన్నాయి.

మూడో పని: మీ పాత్రకు ఒక నేల ఇవ్వండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ‘నా డ్రూయిడ్‌కు ప్రకృతి అంటే ప్రాణం’ అని రాసుకుంటే ఆటలో ఒక్క నిర్ణయానికీ పనికిరాదు. ‘నా డ్రూయిడ్ గుండ్లకమ్మను పుట్టిన చోటు నుంచి కంభం చెరువు దాకా కాపలా కాస్తాడు’ అని రాయండి. ఇప్పుడు అతనికి తెలిసిన దారులున్నాయి, తెలిసిన మనుషులున్నారు, పోతే బాధపడే వస్తువులున్నాయి. గుండ్లబ్రహ్మేశ్వరం అడవుల్లో పుట్టే ఏరు గిద్దలూరు సీమ దాటి, కంభం దగ్గర చెరువై, మార్కాపురం వైపు సాగి, చివరికి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒక పాత్రకు అంత నేల చాలు. ఏరు వద్దనుకుంటే దిగువమెట్ట కనుమ ఉంది, భైరవకోన ఉంది, నెమలిగుండం ఉంది.

కంభం చెరువు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. దానిలో మంచి డ్రూయిడ్ కథ దాగి ఉంది. విజయనగర కాలంలో రెండు కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లను అక్కడ నిలిపారు. ఆ పాత పనితనానికి 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడు మీ కథలోకి ఒక ముసలి డ్రూయిడ్ వచ్చాడనుకోండి. ఏరు పారడానికి పుట్టింది, కట్ట తెగ్గొట్టి దాన్ని విడిపించాలి అంటాడు. కట్ట కింద వరి మడులున్నాయి. చెరువులో చేపలున్నాయి, నీటిపిట్టలున్నాయి. అవి కొన్ని వందల ఏళ్లుగా అక్కడే గుడ్లు పెడుతున్నాయి. ఏది అడవి, ఏది మనిషి చేసింది అన్న గీత అక్కడ చెరిగిపోయింది. మీ డ్రూయిడ్ ఎవరి పక్షం? ఈ ప్రశ్న డీఎంకు ముందే చెప్పి పెట్టండి, ఆయన దాని మీద మూడు వారాల ఆట అల్లగలడు. నా మట్టుకు నేనైతే నీళ్లు తాగేవాళ్లందరినీ, పిట్టనూ పశువునూ రైతునూ, ఒకే వరసలో లెక్కపెట్టే డ్రూయిడ్‌ను ఆడతాను. చెట్టు పేరు చెప్పి తోటి ఆటగాళ్లకు పాఠాలు పీకే డ్రూయిడ్ బల్ల దగ్గర ఎవరికీ నచ్చడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అడవి, మంత్రం అనగానే పాత్రకు చెంచు వేషం వేయాలని కొందరికి తోస్తుంది. వద్దు. చెంచులు దోర్నాల, ఎర్రగొండపాలెం గూడేల్లో ఇవాళ బతుకుతున్న మనుషులు, మన బడిలో పక్క బెంచీ పిల్లలు. వాళ్ల అడవి జ్ఞానం తరాల కష్టం మీద వచ్చింది, మాయ వల్ల కాదు. మీ కథలో చెంచు పాత్ర ఉంటే తేనె పట్టు తీసేవాడిగానో, బండి తోలేవాడిగానో, ఊరి పెద్దగానో, అందరిలాంటి మనిషిగా ఉండనివ్వండి.

నాలుగో పని: మంత్రాలు ఎంచుకోండి

మొదటి లెవెల్‌లో ఎన్నిసార్లయినా వాడుకునే చిన్న మంత్రాలు రెండు వస్తాయి. ‘షిలేలీ’ ఒకటి తీసుకోండి, అది చేతికర్రను విజ్‌డమ్ బలంతో కొట్టేలా చేస్తుంది. రెండోది ‘గైడెన్స్’, స్నేహితుడు కష్టమైన పని తలపెట్టినప్పుడు అతని పాచికకు నాలుగు ముఖాల పాచిక ఒకటి కలిపిస్తుంది. ఇవి కాక, విజ్‌డమ్ 16 ఉన్నవాడు పెద్ద మంత్రాలు నాలుగు సిద్ధం చేసుకోవచ్చు, రోజుకు రెండుసార్లు వేయొచ్చు. నా నాలుగు: ఎంటాంగిల్, హీలింగ్ వర్డ్, గుడ్‌బెర్రీ, స్పీక్ విత్ యానిమల్స్.

గుడ్‌బెర్రీ పది పండ్లు పుట్టిస్తుంది. ఒక్కో పండు ఒక్క హిట్ పాయింటు ఇస్తుంది, తిన్నవాడికి ఆ రోజు ఆకలి ఉండదు. పుస్తకం ఏ పండో చెప్పదు కాబట్టి రేగుపండ్లు అనండి. హీలింగ్ వర్డ్ 60 అడుగుల దూరం నుంచి పడిపోయినవాణ్ని లేపుతుంది. జంతువులతో మాట్లాడే మంత్రాన్ని పది నిమిషాలు ఎక్కువ వెచ్చించి తంతులా చేస్తే రోజువారీ లెక్కలోంచి ఖర్చవదు. దాన్ని తరచూ వాడండి. బల్ల దగ్గర అది ఇలా నడుస్తుంది:

‘మలుపులో బండి ఆగిపోయింది. ఎద్దులు అడుగు వేయట్లేదు,’ అంటాడు డీఎం.

‘అన్నా, చెట్టు మీద కొండముచ్చులేమైనా ఉన్నాయా?’

‘ఉన్నాయి. ఒక్కటీ కిందికి దిగట్లేదు.’

‘పది నిమిషాలు కూర్చుని తంతు చేస్తా. నిన్నటి నుంచి ఇక్కడేం తిరిగిందని అడుగుతా.’

‘పసుపు కళ్లది. నీళ్లకు వచ్చింది. పోలేదు.’

జంతువు దగ్గర్లో ఉన్నదీ, గత ఒక రోజులో చూసిందీ విన్నదీ మాత్రమే చెబుతుంది. పులి అన్న పేరు దానికి తెలియనక్కర్లేదు. దుప్పి కూత, కొండముచ్చు అరుపు విని పెద్దపులి కదలిక పసిగట్టడం ఈ అడవుల్లో తెలిసిన సంగతే. మీరు అడగకపోతే డీఎం దాన్ని వాడడు.

రాత్రి పూర్తిగా నిద్రపోయాక నాలుగింటినీ మార్చుకోవచ్చు. ఈ వెసులుబాటును చాలామంది వాడుకోరు. కరువు ఊరికి వెళ్తున్నామని తెలిస్తే ‘క్రియేట్ ఆర్ డిస్ట్రాయ్ వాటర్’ పెట్టుకోండి, దాదాపు 38 లీటర్లు ఇస్తుంది, అంటే రెండు మూడు బిందెలు. ‘ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్’ నీళ్లలోని విషాన్ని తీసేస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ఊళ్లు మనకు తెలుసు. బావినీళ్లు ఎముకలు తినేసే ఊరు మీ కథలో వస్తే ఈ మంత్రం ఎంత పెద్దదో మన వైపు ఆటగాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయిదో పని: పలక తీసుకుని పోరు నేర్చుకోండి

ఆటబొమ్మల పటం కొనొద్దు. మార్కాపురం పలక మీద బలపంతో గళ్లు గీయండి, ఒక్కో గడి అయిదు అడుగులు. చెరిపేసి మళ్లీ గీసుకోవచ్చు. కనుమ దారిలో నలుగురు దొంగలు మీదికొస్తున్నారు. మీరు ఎంటాంగిల్ వేస్తారు. 90 అడుగుల లోపు ఇరవై అడుగుల చదరం, అంటే పలక మీద నాలుగు గళ్లు అడ్డం, నాలుగు నిలువు. నేలలోంచి అడ్డతీగలు లేస్తాయి. లోపల ఉన్నవాళ్లు తలా ఒక పాచిక వేయాలి, 13 రాకపోతే కట్టుబడిపోతారు. వాళ్లను కొట్టడం మీవాళ్లకు తేలిక, వాళ్లు కొట్టడం కష్టం. మీ ఫైటర్ ఆ గళ్లలోకి పరుగెత్తితే అతనికీ అడుగు బరువే, ముందే చెప్పి ఆపండి.

ఎంటాంగిల్ నిలవాలంటే మనసు దాని మీదే ఉండాలి, దీన్ని కాన్సంట్రేషన్ అంటారు. అలాంటి మంత్రం ఒకసారికి ఒకటే. గైడెన్స్ కూడా అలాంటిదే కాబట్టి అది వేస్తే తీగలు వదిలేస్తాయి. దెబ్బ తగిలినప్పుడు పాచికతో పది, లేదా పడిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే కనీసం అంత తెచ్చుకోవాలి. అందుకే తీగలు వేశాక వెనక్కి జరిగి చెట్టు చాటున నిలబడండి.

ఆరో పని: జంతువుల చీటీలు

రెండో లెవెల్‌లో జంతువుగా మారే శక్తి, వైల్డ్ షేప్, వస్తుంది. కాసేపు విశ్రాంతి తీసుకునేలోగా రెండుసార్లు, ఒక్కోసారి గంట సేపు. ఈదేవీ ఎగిరేవీ అప్పుడే కుదరవు: శ్రీశైలం జలాశయంలోని మొసలికి నాలుగో లెవెల్, గుడ్లగూబకు ఎనిమిదో లెవెల్ రావాలి. మొదట్లో మంచివి మూడు. చిరుత, 13 హిట్ పాయింట్లు, చప్పుడు లేకుండా నడుస్తుంది, చెట్టెక్కుతుంది. అడవిపంది, 11, ఉరికి గుద్దుతుంది. మూడోది పుస్తకంలో పెద్ద బల్లి అన్న పేరుతో ఉంటుంది, మనం ఉడుము అందాం. దానికి 19 హిట్ పాయింట్లు, గోడ ఎక్కగలదు, కొత్తవాళ్లు పట్టించుకోరు. ఎలుగుబంటి నాలుగో లెవెల్‌లో వస్తుంది. పెద్దపులి మీదే మనసుంటే రెండో లెవెల్‌లో ‘సర్కిల్ ఆఫ్ ద మూన్’ శాఖ ఎంచుకోండి, అప్పుడే 37 హిట్ పాయింట్లతో పులి అవుతారు. ఆ శాఖ ఉచిత నియమాల్లో లేదు, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఉంది. మంత్రాలే ఇష్టమైతే ‘సర్కిల్ ఆఫ్ ద ల్యాండ్’ చాలు, అడవిని మీ నేలగా తీసుకోండి.

జంతు రూపంలో మంత్రం వేయలేరు. ముందే వేసిన తీగలు మాత్రం నిలుస్తాయి. జంతువు హిట్ పాయింట్లు అయిపోతే మనిషి రూపం వస్తుంది, మిగిలిన దెబ్బ మీకు తగులుతుంది. 2024 నియమాల్లో ఈ లెక్క మారింది, మీ హిట్ పాయింట్లే ఉంటాయి, వాటి పైన కొద్దిగా తాత్కాలికంగా కలుస్తాయి.

మారినప్పుడు ‘చిరుతనయ్యాను’ అని వదిలేయకండి. ఎలుగైతే చెదపుట్ట దగ్గర ఎలా ముక్కు పెడుతుందో, వేసవిలో రాలిన ఇప్పపూల కోసం ఎలా వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి. కాపలావాళ్లు దాన్ని నిజం ఎలుగే అనుకుని దారి వదిలారంటే, పోరు లేకుండానే కోట దాటినట్టు.

రెండో లెవెల్ చేరేలోగా చిరుత, పంది, ఉడుము అంకెలు మూడు అట్టముక్కల మీద రాసి జేబులో ఉంచుకోండి: రక్షణ, హిట్ పాయింట్లు, నడక, కాటు. మీ వంతు వచ్చాక పుస్తకం తిరగేస్తుంటే పక్కవాళ్లు ఎదురుచూడాల్సి వస్తుంది. తగ్గిన పాయింట్లు పలక మూలన రాసి చెరుపుకోండి, చీటీ మీద కాదు. అవే చీటీలు వచ్చే వారం ఆటకూ కావాలి.